మూడో వరుసలో పోయిన అక్షరం

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఇరవై ఏళ్లుగా కరీంనగర్‌లో సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతున్నాను. ఆ సమాధుల మధ్యే టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్నవాణ్ణి.

పోయిన ఎండాకాలం హైదరాబాదు నుంచి లత అనే ఆర్టిస్టు మేడం వచ్చారు. ఆఫ్రికాలో నైలు నది ఒడ్డున, రెండు వేల ఏళ్ల కింద మెరోయె రాజ్యంలో రాసిన లిపిని పన్నెండు నల్లరాళ్ల మీద చెక్కాలన్నారు. వాటిని ఒక హాల్లో నిలబెడితే జనం ఆ రాళ్ల మధ్య నడుస్తూ తాకి చూస్తారట. ఆ అక్షరాలను పలకడం పండితులకు వచ్చుగానీ, అర్థం చాలావరకు ఎవరికీ తెలియదన్నారు.

నేను పట్టించుకోలేదు. కాగితం మీద ఎలా గీసిస్తే అలా చెక్కడమే నా పని. పొద్దంతా దుమ్ము, దగ్గు. సాయంత్రానికి భుజాలు లేచేవి కావు.

అప్పటికి నన్ను కన్న మా అవ్వకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. మాట పూర్తిగా పడిపోయింది. ఇంట్లో చూసేవాళ్లు లేక రోజూ ఆటోలో నేను రాళ్లు చెక్కే షెడ్డుకు తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ణి. ఆమె బడి మొహం చూడలేదు. సంతకం అంటే వేలిముద్రే.

ఒక మధ్యాహ్నం ఆమెను మెల్లగా నడిపిస్తుంటే ఐదో రాయి దగ్గర ఆగింది. బాగున్న చేత్తో రాతను తడిమింది, కుడి నుంచి ఎడమకు. ఆ లిపిని అలాగే చదువుతారని నాకు అప్పటికి తెలియదు. మూడో వరుస మధ్యలో వేలు ఆపింది.

“గీడ ఒకటి పోయింది, బిడ్డా.”

నాకు ఏడుపొచ్చింది. “ఏందవ్వా? మళ్ల చెప్పు” అని ఎంత బతిమాలినా మళ్లీ పలకలేదు. కాగితం తెచ్చి పోల్చాను. ఒక్క గీత తేడా లేదు. జబ్బు మాటే అనుకున్నాను.

నాలుగు రోజులకు మేడం వచ్చారు. మొహం వాడిపోయి ఉంది.

“తప్పు నాదే అన్నా. పాత శాసనం ఫోటో చూసి గీసేటప్పుడు ఐదో రాయికి ఒక అక్షరం వదిలేశాను.”

ఆమె చూపించకముందే ఆ చోట వేలు పెట్టాను.

“మీకెలా తెలుసు?”

“మా అవ్వ చెప్పింది మేడం.”

ఆమె నమ్మలేదు. ఆ ఫోటో మాత్రం మా షెడ్డుకు ఎన్నడూ రాలేదు.

కొత్త రాయి కోయించి మొదటి నుంచి చెక్కాను. అయ్యాక అవ్వను దాని ముందుకు తీసుకెళ్లాను. చివరిదాకా వేలు జరిపింది. ఎక్కడా ఆగలేదు.

“ఏం రాసిన్రవ్వా గిండ్ల?” అని అడిగాను.

చదువు రానివాణ్ణి చూసినట్టు జాలిగా చూసి, కుర్చీ వైపు తిరిగింది.

వానాకాలంలో అవ్వ పోయింది. మా చర్చి పాస్టర్‌కు ఈ సంగతి చెబితే ప్రార్థన చేద్దామన్నారు. ఇది ఎలా జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. జబ్బు పడ్డాక ఆమె నాతో అన్నది ఆ ఒక్క మాటే. అదీ నాకు చదవరాని రాత గురించి.