జనాభా లెక్కలో మా ఇంటి పేజీ

ఆ పుస్తకాన్ని చెదలు తినలేదు. తిన్నాయని చెప్పింది నేను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఎవరూ నాచేత చెప్పించలేదు. బాపు ఆ రోజు ఊళ్లోనే లేడు. ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పని మాట కాబట్టి ముందే రాసేస్తున్నాను.

అరవైతొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతపడి, జనగామ పక్కనున్న మా ఊరికి వచ్చేశాను. పని లేదు. పొద్దున సైకిలు మీద జనగామ పోయి, ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్లకేనని గొంతు పోయేదాకా అరవడం, తిరిగొచ్చి వసారాలో అటూ ఇటూ నడవడం. అలా నడుస్తున్న ఒక మధ్యాహ్నం తొర్రూరు నుంచి ఒక దర్జీ వచ్చాడు. ముప్పయ్యేళ్లలోపు మనిషి. మెడలో టేపు తీయడం మరిచినట్టున్నాడు.

"పట్వారి దొర ఉన్నడా?"

"బాపు వరంగల్ పోయిండు. ఏం పని?"

"మా అమ్మ మీ ఇంట్లనే ఉండేదట చిన్నదొరా. మీ నాయినమ్మ పెండ్లయి వచ్చినప్పుడు ఆమె వెంబడి పంపిన్రట. మా అమ్మది ఏ ఊరో నాకు తెల్వది. మీ తాత రాసిన మర్దుంషుమారిల ఉంటదని చెప్పిన్రు."

పెద్దిళ్లలో పెళ్లికూతురితో పాటు సేవకని ఒక పేదింటి పిల్లను పంపేవారు. ఆడబాప అనేవారు. ఆ పిల్లకు పెళ్లి ఉండదు. పిల్లలు పుడితే వాళ్లకు తండ్రి పేరుండదు. ఈ దర్జీ తల్లి అలా వచ్చి, అతనూ చెల్లెలూ పసివాళ్లుగా ఉండగానే మా ఇంట్లో చనిపోయింది. మా పనిమనిషి ఒకామె ఇద్దరినీ తొర్రూరు తీసుకుపోయి పెంచింది. ఇప్పుడా చెల్లెలికి పెళ్లి కుదిరింది.

"పెండ్లినాడు పిల్లను గంపల కూసోబెట్టి తెచ్చేటందుకు మేనమామ ఏడి అంటున్నరు అటోళ్లు. నేనే ఎత్తుకొస్త అంటె నవ్విన్రు, అన్న మేనమామ ఎట్లయితడని. ఊరు పేరు తెలిస్తె చాలు దొరా, పోయి దేవులాడుకుంట."

"జర ఆగు" అని లోపలికి పోయాను.

మర్దుంషుమారి అంటే నిజాం కాలపు జనాభా లెక్క. పట్వారీగా మా తాతే ఇల్లిల్లూ తిరిగి రాశాడు. అసలు కాగితాలు తాలూకాకు పంపినా, నకలు ఒకటి రాసి ఎర్రగుడ్డ మూటలో దాచుకోవడం ఆయన అలవాటు. మా ఇంటి పేజీ తొందరగానే దొరికింది. తాత, నాయనమ్మ, బాపు, ఇద్దరు మేనత్తలు. వాళ్ల కింద ఒకామె పేరు, ఆమె తండ్రి పేరు. ఆడబాప, వయసు ఇరవై ఎనిమిది, పుట్టిన ఊరు గంగారం. ఆమె కింద ఏడాది మగపిల్లవాడు. వాడు ఇంటి యజమానికి ఏమవుతాడో రాయాల్సిన చోట ఏమీ లేదు. జీతగాణ్ని జీతగాడని, చుట్టాన్ని చుట్టమని రాసిన మనిషి అక్కడ కలం ఎత్తేశాడు. ఇంకెక్కడైనా అలా వదిలాడేమోనని పుస్తకమంతా తిరగేశాను. వదల్లేదు. బయట నిలబడ్డవాడి నుదురు, ముక్కు గుర్తొచ్చాయి. అతను మా తాత కొడుకు.

భూమిలో పాలు అడుగుతాడని భయపడ్డానో, ఊరు నవ్వుతుందని భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేను. మూట కట్టేసి, చేతులు దులుపుకుంటూ బయటికొచ్చాను.

"చెదలు తిన్నయి. ఏం మిగల్లే."

"ఒక్కసారి నేను చూస్తె..."

"నీకు చదువొస్తదా?"

అతను టేపు సర్దుకున్నాడు. "రాదు దొరా" అని వెళ్లిపోయాడు.

పెళ్లి జరిగిందని తర్వాత రచ్చబండ దగ్గర విన్నాను. కుట్టుపని నేర్పిన సాయిబే గంప ఎత్తాడట. మగపెళ్లివారు గొణిగితే, "బిడ్డను మోసేటందుకు చేతులు గావాల్నా, చుట్టరికం గావాల్నా?" అన్నాడట. విన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. నేను అక్కడి నుంచి లేచి వచ్చేశాను.

నాకు మాస్టరు ఉద్యోగం వచ్చింది. ఎన్ని ఊళ్లు మారినా తొర్రూరు మీదుగా పోయే బస్సు ఎక్కేవాణ్ని కాదు. ఎనభై ఒకటి జనాభా లెక్కలకు భూపాలపల్లి దగ్గర ఘనపూర్‌లో నన్ను వేశారు. గడప గడపకూ వెళ్లి, పుట్టిన ఊరేదని అడగాలి. ఒక ముసలవ్వ తన ఇంట్లోవాళ్లందరినీ చెప్పి, "ఇంకో బిడ్డ ఉన్నది, రాసుకో" అంది.

"యాడున్నది?"

"దొరసాని వెంబడి పంపినం. మల్ల రాలే."

"ఈ ఇంట్ల ఉన్నోళ్లనే రాయాలె అవ్వా."

"మరి దాన్ని యాడ రాసిన్రు సారూ? యాడనో ఓ కాడ రాసే ఉంటరు గద?"

కాగితాలు సర్దుకుని పక్కింటికి పోయాను. ఆ రోజు రాసిన కాగితాల్లో తప్పులు పడి మళ్లీ రాయాల్సి వచ్చింది.

కొన్నేళ్లకు పట్వారీ కొలువులు రద్దయ్యాయి. పాత మూటలన్నీ ఆఫీసుకు అప్పగించాలన్నారు. బాపు మూటలు బండికెత్తిస్తుంటే, ఆ పుస్తకం విప్పి తల్లీకొడుకుల వరుసలు రెండూ కాగితం మీద ఎక్కించుకున్నాను. నేరుగా తొర్రూరు పోయే ధైర్యం లేక, ముందు మానుకోట మీదుగా గంగారం పోయాను. తండ్రి పేరు చెబితే ఇల్లు చూపించారు. దర్జీ మేనమామ పోయి రెండేళ్లయిందట. ఆయన భార్య నీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

"మా ఆడిబిడ్డను చూసొస్తనని మీ ఊరి దాక పోయిండు ఒకపారి. లోపలికి పోనియ్యలే. పిల్లలున్నరని తెలిస్తె గుంజుకొచ్చుకుంటుండె" అంది.

మరునాడు తొర్రూరు వెళ్లాను. దర్జీ జుట్టు నెరిసింది. నన్ను చూసి మిషను ఆపలేదు. వచ్చిన పని చెప్పాను.

"పదిహేనేండ్లాయె. తిన్న కాయితం చెదలు మల్ల కక్కినయా?" అన్నాడు. తర్వాత మిషను ఆపి, "నాకు చదువు రాదు గద. నువ్వే చదువు" అన్నాడు.

చదివాను. తల్లి పేరు, ఆమె తండ్రి పేరు, ఊరు. గంగారంలో విన్నది కూడా చెప్పాను. అతను చాలాసేపు గుడ్డ మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు.

"నా పేరు కాడ ఏమున్నది?"

"ఏం రాయలే. ఖాళీ ఉంచిండు."

"ఆనాడే చూసినవా?"

లేచి నిలబడ్డాను. "ఆనాడే చూసిన చిన్నాయినా. నువ్వు మా తాత కొడుకువని తెలిసే అబద్ధమాడిన. చదువు రాదని ఎక్కిరించి పంపిన. నీ మేనమామ బతికుండంగ నీకు దక్కకుండ చేసిన. నాదే తప్పు. నన్ను మాఫ్ చెయ్యి."