తిరిగే బల్ల మీద అమ్మమ్మ చీర

ఆ రోజుల్లో, అంటే ఓ పుష్కరం కిందట, ఒళ్ళు వంచకుండా పని జరిగే మార్గమేదో ఫోన్లో వీడియోల్లో దొరికి తీరుతుందని నా గట్టి నమ్మకం. గుణదలలో మా పెద్దమ్మ ఇంటి ముందుగదిలో పాత చీరలతో బొంతలు కుట్టి అమ్మేవాళ్ళం. కుట్టడం ఆవిడ వంతు, కత్తిరించడం నా వంతు. బట్ట నేల మీద పరిచి, నాలుగు వైపులా దాని చుట్టూ దేకుతూ కొయ్యాలి. సాయంత్రానికి నా నడుం నాది కాకుండా పోయేది. అలాంటి ఒకనాడు ఓ వీడియోలో ఎవరో దొరసాని గుండ్రటి బ్లేడుతో బట్ట కోస్తూ, కిందున్న గట్టి ప్లాస్టిక్ చాపని వేలితో తిప్పుకోవడం చూశాను. ఆవిడ కుర్చీలోంచి కదలనే లేదు. (ఆ కుర్చీ మీదా నా కన్ను పడింది, అది వేరే సంగతి.) "అలాంటిది మనమూ తెచ్చుకుందాం పెద్దమ్మా" అంటే, "బట్ట తిరక్కూడదే, మనమే తిరగాలి" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

అప్పట్లో అది ఇక్కడ దొరకలేదు. ఆటోనగర్‌లో లారీల షెడ్డున్న మా బాబాయికి చెప్పుకున్నాను. "ఓస్, ఇంతేనా. సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళమ్మాయ్" అని, గుండ్రటి చెక్క కింద లారీ చక్రం బేరింగు బిగించి ఇచ్చాడు. వేలు తగిలితే చాలు తిరిగేది. కాకపోతే ఆగేది కాదు. "లారీదమ్మా అది. దానికి ఆగడమేం తెలుసు, బ్రేకు వేరే ఉంటది" అన్నాడు, గర్వంగానే.

ముందు ఏ పాత దుప్పటో కోసి చూసుకోవచ్చు. అంత బుద్ధే ఉంటే ఇది రాసేదాన్ని కాదు. నాలుగు రోజుల్లో అక్క కూతురి బారసాల. పోయిన అమ్మమ్మ చీరల్లో మిగిలింది ఒక్కటే, చిలకపచ్చ నేతచీర. పాపకి బొంత కోసమని పెద్దమ్మ దాన్ని ఎవరినీ ముట్టనివ్వకుండా దాచింది. ఆవిడ కూరగాయలకి వెళ్ళిన వేళ చూసి, ఆ చీరనే మడతలు పెట్టి బల్ల మీద పరిచాను. బ్లేడు నేను సూటిగానే లాగాను, బల్ల తన దారిన తాను పోయింది. మడతలు విప్పితే ఒక్క ముక్కకీ మూలలు సరిగ్గా లేవు. ఇంకో చీర తేవడానికి అమ్మమ్మ లేదు.

పెద్దమ్మ వచ్చి ఒక్కో ముక్కా ఎత్తి చూసింది. తిట్టినా బాగుండేది. "మీ అమ్మమ్మ ఏనాడు తిన్నగా కూచుందిలే, ముక్కలు తిన్నగా ఉండటానికి" అని, వంకరకి వంకర జతచేస్తూ మూడు రోజులు నేల మీద దేకుతూ కుట్టింది. మధ్యలో ఒకసారి పైటతో కళ్ళొత్తుకుంది. నేను చూడనట్టు నటించాను. బారసాల నాటికి బొంత అందింది. బల్ల మాత్రం ఆవకాయ జాడీకి పీటయింది.

పోయిన నెల నడుం బొత్తిగా మొరాయిస్తే, అసలైన తిరిగే చాపే తెప్పించాను. తిప్పితే తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. చిన్న ముక్కల అంచులు సరిచేసుకోవడానికి భేషైనది, చీర పరచడానికి చాలదు. కొనాలా వద్దా అని అడిగినవాళ్ళకి అదే చెబుతున్నాను. మొదటి రోజు దాన్ని నేల మీద పెట్టుకుని, ముక్కని ఒక వైపు కోసి, నడుం పట్టుకుని లేచి, అటు వెళ్ళి కూర్చుని రెండో వైపు కోశాను. నాలుగు వైపులూ అయ్యాక గాని చాప తిప్పలేదన్న సంగతి తట్టలేదు. కుట్టడం మానేసిన పెద్దమ్మ మంచం మీంచి అంతా చూస్తూనే ఉంది.

"చెప్పొచ్చుగా పెద్దమ్మా" అన్నాను.

"చక్కగానే వస్తున్నాయిగా" అంది.

నాకూ నవ్వొచ్చింది. నడుం మాత్రం నవ్వలేదు.