చీకట్లో వడ్డించిన నెయ్యి

ఆ రోజుల్లో గుంటూరులో మా ఇంటికి కరెంటు ఉందని చెప్పుకోవడం ఒక గొప్ప. అది సాయంత్రం పూట ఉంటుందా ఉండదా అన్నది వేరే సంగతి. మా వీధిలో స్తంభాలు పాతి ఏడాది తిరగలేదు. నడిమింట్లో ఒకే ఒక్క బల్బు. మా నాన్న మేస్త్రీగా పనిచేసే పత్తి మిల్లులో యంత్రాలు ఆడటం మొదలైతే అది పండుమిరపకాయలా ఎర్రబడేది, అవి ఆగితే తెల్లబడేది, మధ్యలో ఎప్పుడో చెప్పాపెట్టకుండా పోయేది. పోయినప్పుడల్లా ఇంట్లో ఒకటే గోల. "అగ్గిపెట్టె ఏదే?" అని అమ్మ, "లాంతరు చిమ్నీ తుడిచారా లేదా?" అని నాన్న, "నేను ముందే చెప్పాను" అని నాయనమ్మ (ఏం చెప్పిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు). ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని, చెంబులు దొర్లించి, చివరికి లాంతరు వెలిగించేసరికి కరెంటు వచ్చేసేది.

నాకప్పుడు పదిహేడేళ్ళు. ఎస్సెస్సెల్సీ పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. ప్రపంచంలో నాకు తెలియనిది ఏదీ లేదని గట్టిగా నమ్మే వయసు. ఈ గోలకి ఒక పద్ధతి పెట్టాలని నిశ్చయించుకుని, నోటుబుక్కు మధ్య కాగితం చింపి, 'కరెంటు పోయినచో చేయవలసిన పనులు' అని పెద్ద అక్షరాలతో రాసి, మెతుకులతో గోడకి అంటించాను. నాన్న ఉన్నచోటు నుంచి కదలకూడదు. అగ్గిపెట్టె నాయనమ్మ రొంటినే ఉండాలి. లాంతరు వంటింటి గుమ్మం పక్క గూట్లో ఉండాలి. కిరసనాయిలు అయిపోతే ఇబ్బంది పడకుండా ప్రమిద, వత్తి, నాయనమ్మ స్వయంగా వండిన ఆముదం కూడా అక్కడే. ఆ ఆముదాన్ని జర్మన్ సిల్వర్ గిన్నెలో పోసి, చిన్న గరిటె కూడా వేసి పెట్టాను. మిగతా పనులన్నీ నావి. "ఇంక మన ఇంట్లో కరెంటు పోయినా ఒకటే, ఉన్నా ఒకటే" అని ప్రకటించాను. నాన్న కాగితం రెండుసార్లు చదివి, "నేను కదలకుండా ఉంటే చాలా? ఇదేదో బాగానే ఉంది" అన్నాడు.

ఆ వారమే మా అక్క మామగారు వచ్చారు. అక్కని అద్దంకి దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. ఆయన్ని మాలో మేము 'అలక మామగారు' అనుకునేవాళ్ళం. అక్క పెళ్ళిలో కాఫీ మీద మీగడ తేలిందని లేచి బస్సుస్టాండు దాకా నడిచి వెళ్ళిపోయిన మనిషి. అక్కకి గుంటూరులో టీచరు ట్రైనింగు చదవాలని కోరిక. బావకి ఇష్టమే, కానీ తండ్రి ఎదుట నోరు పెగలదు. నాన్న ఉత్తరం రాస్తే మామగారు 'వీలుపడదు' అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. దరఖాస్తు మీద ఆయన సంతకం కావాలి, గడువు ఇంకా రెండే రోజులుంది. అలాంటప్పుడు, నాలుగు రోజులుగా కడుపు బిగుసుకుపోయి ఉందని, డాక్టరుకి చూపించుకుందామని ఆయన గుంటూరు వచ్చి మా ఇంట్లో దిగారు. పుట్టింట్లోనే ఉన్న అక్క నా చెయ్యి పట్టుకుని, "ఈ పూట ఆయనకి దేనికీ లోటు రాకూడదే" అంది. "నాకు వదిలెయ్" అన్నాను.

దీపాలు పెట్టే వేళ దాటాక ఆయన్నీ నాన్ననీ నడిమింట్లో పీటల మీద కూర్చోబెట్టాం. వేడి అన్నం వడ్డించి, మా ఇంటి పండుమిరపకాయల పచ్చడి వేశాం. (అది తిన్నవాడికి కాసేపు ఊరు పేరు కూడా గుర్తుండదు.) అమ్మ నెయ్యి కాచి, అలాంటి గిన్నెలోనే పోసి, తేవడానికి వీలుగా అదే గూట్లో పెట్టింది. ఆయన పచ్చడి కలుపుతుండగా కరెంటు పోయింది.

"ఎవరూ కదలకండి!" అని నేను కేకేశాను. నాన్న బొమ్మలా కూర్చుండిపోయాడు. "నాయనమ్మా, అగ్గిపెట్టె!" అన్నాను. నాయనమ్మ పక్క వీధిలో హరికథకి వెళ్ళింది, కాగితంలో ఉన్నట్టే అగ్గిపెట్టె రొంటిని దోపుకుని. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నివురు తీసి నిప్పు ఊదుతోంది, ఎంతకీ రాజుకోదు. ఇటు చీకట్లోంచి మామగారి గొంతు, "కలిపిన అన్నం ముందు పెట్టుకుని ఎంతసేపమ్మా కూర్చోవడం?" ఆ గొంతులో బస్సుస్టాండు వినిపించింది నాకు.

"మీరు కానివ్వండి మామయ్యగారూ, ఈ ఇంట్లో నేను కళ్ళు మూసుకుని తిరగ్గలను" అని గూట్లో చెయ్యి పెట్టి గిన్నె తీసుకుని, విస్తరి ఎక్కడుందో తడిమి చూసుకుని, ధారాళంగా రెండు గరిటెలు పోశాను. ఆయన తిన్నారు. మిరపకాయ ఘాటుకి ఒకటే బుసలు. "ఇంకాస్త వెయ్యమ్మా, మంట తగ్గాలి" అన్నారు. ఇంకో రెండు పోశాను. ఆయన ముక్కుపొడి పీల్చే మనిషి, ఆ ముక్కుకి వాసన తెలియదు. ఆ పచ్చడి తిన్న నాలుకకి రుచి తెలియదు. "అమ్మాయ్, నెయ్యి చిక్కగా ఉందే!" అన్నారు. నేను పొంగిపోయి, అడక్కుండానే మరొకటి పోశాను.

అప్పటికి అమ్మ నిప్పు రాజేసి, గూట్లో మిగిలిన గిన్నె తీసి ప్రమిదలో ఒంపి వత్తి వెలిగించింది. ఇల్లంతా వెలుతురు పరుచుకుంది, దాంతోపాటు గుళ్ళో వచ్చేలాంటి కమ్మటి వాసనా. అమ్మ ప్రమిద కేసి చూసింది, నా కేసి చూసింది. నన్ను లోపలికి లాగి, "ఇది నెయ్యే. మరి ఆయనకి పోసిందేంటే?" అంది.

నా చేతిలో గిన్నె వైపు చూశాను. వేలు ముంచి నాలిక మీద రాసుకుంటే, ఆముదం! పక్కనే ఉన్న అక్కకి సంగతి అర్థమై, గోడకి ఆనుకుని కూలబడిపోయింది. "అయిపోయింది, నా చదువు అయిపోయింది" అని కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ మాత్రం, "ఎవరూ నోరెత్తకండి, తెల్లారనివ్వండి" అంది.

తెల్లారక ముందే మామగారు చెంబు పట్టుకుని దొడ్లోకి వెళ్ళారు. వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. వంటింటి కిటికీలోంచి మేము ముగ్గురం ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళం చూస్తున్నాం. ఏమీ తెలియని నాన్న, "బావగారికి మన నీళ్ళు పడలేదల్లే ఉంది" అని విచారించాడు. నాలుగోసారి తిరిగొచ్చి ఆయన అరుగు మీద మంచంలో చేరగిలపడి, "బావగారూ!" అని కేకేశారు. అక్క నా జబ్బ గిల్లి పట్టుకుంది.

"ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళే పనిలేదు. నాలుగు రోజుల్నుంచీ రాయి మింగినట్టుందండీ. మీ ఇంట్లో ఆ పచ్చడీ, ఆ నెయ్యీ పడేసరికి ప్రాణం లేచొచ్చింది. కోడలేదీ? ఆ కాగితమేదో అన్నారుగా, తెమ్మనండి. చదువుకోనివ్వండి, ఎవరొద్దన్నారు?" (ఒద్దన్న ఉత్తరం ఆయన తల పైనే, ఉత్తరాల తీగకి గుచ్చి వేలాడుతూనే ఉంది.)

సంతకం పెట్టి, మా ఇంటి నెయ్యి ఓ జాడీడు అడిగి మరీ పట్టుకెళ్ళారు. అమ్మ ఇచ్చింది. అసలు నెయ్యే ఇచ్చింది. పది రోజులకి ఉత్తరం. 'నెయ్యి శ్రేష్ఠముగానే యున్నది గాని ఆనాటి గుణము కనబడుట లేదు. గేదెను మార్చితిరా?' నాన్న అది చదివి, పాలు పోసే ఆవిణ్ణి నిలదీస్తానని చెప్పులేసుకున్నాడు. పాపం ఆవిడ చేసిందేముంది? ఇంక దాచలేక నాన్నకి అంతా చెప్పేశాను. అమ్మ నెత్తి బాదుకుంటున్నా వినకుండా, మామగారికి ఒక కార్డు ముక్క కూడా నేనే రాసి పడేశాను. 'మామయ్యగారికి నమస్కారములు. ఆనాడు మీకు వడ్డించినది ఆముదము. పొరపాటు నాది, మా అక్కది కాదు' అని.

అక్క నాతో మాట్లాడటం మానేసింది. ట్రైనింగు పుస్తకాలకి అట్టలు వేసుకుంటూనే ఏడ్చేది. పోస్టుమాన్ గొంతు వింటే చాలు, నేను దొడ్లోకి పారిపోయేదాన్ని. చివరికి జవాబొచ్చింది. అక్కే అందుకుని, చదివి, నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయింది. 'చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు. ఇక మీదట నెయ్యి పంపనక్కరలేదు. మీ నాయనమ్మగారు వండిన ఆముదము ఒక సీసా పంపవలెను.'

అక్క టీచరయింది, పెద్ద టీచరయి రిటైరయింది. మామగారు బతికున్నన్నాళ్ళూ నన్ను చూస్తే చాలు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నేనిప్పుడు మనుమలున్నదాన్ని. ఎవరైనా భోజనానికొస్తే ఉప్పు ఉప్పేనా అని ఒకటికి రెండుసార్లు నాలిక మీద వేసుకుని చూస్తాను, పట్టపగలు కూడా లైటు వేసుకుంటాను, కళ్ళజోడు పెట్టుకుంటాను, అయినా అనుమానమే. ఒక్క తప్పూ జరగదు. కానీ అంత ధీమాగా, అంత ధారాళంగా, అడక్కుండానే మరో గరిటె పోసిన చెయ్యి మళ్ళీ రాలేదు. అప్పుడప్పుడు వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, ఆ పదిహేడేళ్ళ పిల్లని తలుచుకుని నవ్వుకుంటాను. మావాళ్ళు ఎందుకని అడిగితే, "ఏం లేదర్రా, తినండి" అంటాను.