కదలని నీళ్ళు

దమాసో గురించి చెప్పమంటే మా ఊళ్ళో ఎవరైనా ఆయన కర్ర దగ్గర మొదలుపెడతారు. నల్లటి చేవకర్ర, పైన వెండి పొన్ను, చుట్టూ ఎర్ర పట్టుతాడు. నేను మాత్రం ఆయన మోకాళ్ళ దగ్గర మొదలుపెడతాను. ఇరవై ఆరేళ్ళపాటు వారానికి రెండుసార్లు కొండెక్కి దిగిన మోకాళ్ళవి. ఆయన లేచి నిలబడితే ఎండుకట్టె విరిచినట్టు చప్పుడయ్యేది. ఆ మోకాళ్ళ మాట కాదని నేను ఒక అంకెను నమ్మాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మా ఊరి నీరటి, ఆ కర్ర ఆ పనికి గుర్తు. సుయ్తుకోచా చెరువు కొండ వెనక ఉంది, మూడు గంటల ఎక్కుడు. అక్కణ్ణుంచి ఇనుప గొట్టం కొండ దిగి వస్తుంది. గొట్టం చివర, ఊరికి అరగంట నడకలో తూము. తూము ఎవరైనా తిప్పగలరు. చెరువును చూసొచ్చేవాడు మాత్రం దమాసో ఒక్కడే. నీళ్ళు ఎంతున్నాయో చూడ్డానికి ఒడ్డున రాతి మీద ఆయన కొట్టిన గాట్లుండేవి. దిగి వచ్చి సందుల్లో తిరుగుతూ కేకేసేవాడు. "తొమ్మిది గాట్లు! ఇవాళ పైవీధి వంతు, రేపు కిందవీధి!" మా అమ్మ ఆయన్ని ఆపి వేయించిన మొక్కజొన్నలు గుప్పెడు జేబులో పోసేది. నీళ్ళు నెమ్మదిగా వస్తే కాలవ దగ్గర వంగి "ఏమే, ఇవాళ బద్ధకమా?" అని దాన్నే గదమాయించేవాడు. ఒక ఏడు అన్నదమ్ములిద్దరు వంతు కోసం పారలెత్తితే, ఈయన పోంచో గొంగడి కప్పుకునే కాలవలో అడ్డంగా కూర్చున్నాడట. "ముందు నన్ను నరకండి, తర్వాత నా మీదుగా పారించుకోండి" అన్నాడట. ఆ చలినీళ్ళలో గంటన్నర కూర్చునేసరికి వాళ్ళకే సిగ్గేసి పారలు దించారు. ఆ మోకాళ్ళు అప్పుడే పోయాయంటుంది ఆయన భార్య ప్రిమితీవా.

ఇక నేను. నా పేరు నియేవెస్. నీటిసంఘం కార్యదర్శిని, సభల పుస్తకం రాసేదాన్ని. ఊళ్ళో కంప్యూటరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, డబ్బాలు వచ్చినప్పుడు వాటి పెత్తనం కూడా నాకే వచ్చింది.

రెండే డబ్బాలు, ఒక్కొక్కటీ రొట్టెముక్కంత. ఒకటి చెరువు మీద, ఇనుప స్తంభానికి చెయ్యిలా చాచిన కడ్డీ చివర. కిందికి చూస్తూ, నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచేది. రెండోది కింద కాలవలో, పారే నీటిని కొలిచేది. గుడి గంట పక్కన ఒక యాంటెన్నా. "వీటికి కబుర్లు రావు. పావుగంటకోసారి లేచి ఒక్క అంకె చెప్పి పడుకుంటాయి. అందుకే రెండు బ్యాటరీలతో మూడేళ్ళు బతుకుతాయి. ఆ ఒక్క మాటా కొండ మీది నుంచి కూడా వినిపిస్తుంది" అన్నాడు పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు. వెళ్ళేటప్పుడు నన్ను విడిగా పిలిచి, "దాని కంటి కింద ఏదీ అడ్డు రాకుండా చూసుకోండి" అని చెప్పాడు. నేను తలూపాను. ఆ తలూపడం ఇప్పటికీ నాకు గుర్తే.

ఆగస్టులో కాలవల పూడిక తీసే పండుగ వచ్చింది. పారలు, పాటలు, చిచా అనే మొక్కజొన్న కల్లు కుండలు, చివరికి చెరువు దగ్గర నీళ్ళకు పూలదండలు. మా అమ్మ ఆ మార్చిలోనే పోయింది. ఏటా పండుగ పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ పేరున నేను దండ కట్టాను, ఎర్ర రిబ్బను మూరెడు వేలాడేలా. దండలన్నీ ఒడ్డున ఉన్న శిలువకు వేస్తారు. నేను మాత్రం తీసుకెళ్ళి కడ్డీ మీద డబ్బాకు వెనకగా కట్టాను. "ఇదీ ఇప్పుడు నీళ్ళ కొలువులో చేరింది, దీనికీ వాటా ఉండాలిగా!" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా కూడా ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి? నీళ్ళకిచ్చిన దండను మళ్ళీ పండుగ దాకా ఎవరూ ముట్టరు. తీయాల్సి వస్తే, కట్టిన చెయ్యే తీయాలి. అది మా కట్టుబాటు.

అక్టోబరులో కిందవీధి మొక్కజొన్న మోకాలెత్తుకు వచ్చి, నీళ్ళు చాలక ఆకు చుట్టుకోవడం మొదలైంది. తెర మీద చూస్తే చెరువు రెండు మీటర్ల ముప్పై ఒకటి, అంటే నిండుకుండ. కాలవలో మాత్రం మామూలు పారుదలలో మూడోవంతు కూడా లేదు. సంఘం అధ్యక్షుడు సెనోబియో పొలమూ కిందవీధిలోనే ఉంది. సభ పెట్టించాడు.

"పైన నిండుగా ఉంది, కిందికి చారెడు రావడం లేదు. మధ్యలో ఉన్నదెవరయ్యా? దేవుడా?" అన్నాడు.

"దేవుడికి చిక్కుడు మడి లేదుగా!" అని వెనక నుంచి ఎవరో. జనం గొల్లుమన్నారు. దమాసో కూతురు యుడిత్ మడి తూము కిందే ఉంది. గట్టు ఊటకి పచ్చగా ఉంటుంది. ఊట సంగతి నవ్విన వాళ్ళందరికీ తెలుసు.

దమాసో నెమ్మదిగా లేచాడు. "చెరువులో ఆరు గాట్లే ఉన్నాయి. సగం లేదు. ఈ ఏడు మంచు పడలేదు, ఊట సన్నబడింది. వానల దాకా రావద్దూ? అందుకే తూము బెత్తెడే తీస్తున్నా."

"డబ్బా రెండు ముప్పై ఒకటి అంటోంది తాయ్తా" అన్నాను నేను. పెద్దవాళ్ళను మేం అలాగే పిలుస్తాం, గౌరవంగా. నా గొంతులో గౌరవం ఎంతుందో నాకే తెలియదు.

"నిన్నెంతంది?"

"అంతే."

"మొన్న?"

"మొన్నా అంతే. పదకొండు రోజుల్నుంచీ అంతే."

ఆయన నా వైపు చూశాడు. "అమ్మాయ్, నీళ్ళు రాత్రి కాస్త పెరుగుతాయి, పగలు తగ్గుతాయి. గాలికి ఓ ఒడ్డుకెక్కుతాయి. పదకొండు రోజులు కదలకుండా కూర్చున్నవి నీళ్ళెట్లా అవుతాయే? పైకి రా. నువ్వే రా. నువ్వొచ్చి చూడు."

"ఎక్కే పని లేకుండా చేసుకోడానికేగా తాయ్తా, ఆ డబ్బా పెట్టుకున్నది!" అన్నాను.

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. ఆయన మాట నాకు తగలకపోలేదు. అంకె కదలకపోవడం నేనూ గమనించాను, వింతగానే అనిపించింది. కానీ ఊరందరి ముందూ నా డబ్బా తప్పంటే నా పరువేం కాను? ఆ రోజు ఆయన "నువ్వొచ్చి చూడు" అని నాలుగుసార్లు అన్నాడు. సెనోబియో కూడా వెళ్ళలేదు, ఎవరూ వెళ్ళలేదు. బంగాళాదుంప విత్తే కాలం, మూడు గంటల ఎక్కుడు. ఇంట్లో కూర్చుంటే తెలిసేదానికి ఎవరు ఎక్కుతారు?

చేతులెత్తించారు. దమాసో కర్రను రెండు చేతులా పట్టుకుని, పొన్నును చొక్కా అంచుతో తుడిచి, బల్ల మీద నా పుస్తకం పక్కన పెట్టాడు. ప్రిమితీవా ఆయన టోపీ అందించింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. "నీళ్ళు మళ్ళించిన కారణంగా నీరటి పని నుంచి తొలగించడమైనది" అని నేను రాశాను. నా దస్తూరీ గుండ్రంగా, అందంగా ఉంటుంది. ఆ పేజీలో కూడా అలాగే ఉంది.

మర్నాడు సెనోబియో తూము మూరెడు తీయించాడు. కాలవ గలగలా పారింది. "చూశారా!" అంటూ ఊరంతా తిరిగాడు. పద్దెనిమిదో రోజున కాలవ ఎండిపోయింది. తెర మీద మాత్రం చెరువు నిండుగానే ఉంది. గొట్టంలో ఏదో అడ్డుపడిందేమో చూసి రమ్మని నన్ను పంపారు.

మిట్టదాటి చెరువు చూశాను. నీళ్ళు లేవు. బురద బీటలు తీసి ఉంది, నడిమధ్యన రెండు బాతులు నిలబడే అంత తడి. ఇనుప కడ్డీ మీద మా అమ్మ దండ. పూలు రాలిపోయి తాడూ ఆకులూ మిగిలాయి. గాలికి జారి డబ్బా ముందుకొచ్చి ఉంది. రిబ్బను ముడి చుట్టుకుని సరిగ్గా దాని కంటి కింద వేలాడుతోంది. ఇన్నాళ్ళూ అది కొలిచింది దగ్గరగా వేలాడే ఆ ముడిని, నీళ్ళు అంత పైకి ఉన్నాయనుకుని. దమాసో గాట్లు రాతి మీద అలాగే ఉన్నాయి. కడపటి గాటు కింద, ఎక్కేటప్పుడు ఆయన నమిలే కోకా ఆకు ఉమ్మిన మరక.

నేను ఏడ్చాను. తర్వాత ఏడుపు కన్నా చెడ్డ పని చేశాను. దండ విప్పి సంచిలో దాచుకున్నాను. కిందికి వచ్చి, "డబ్బా పాడైంది, బాగు చేశాను, చెరువు ఖాళీ" అని చెప్పాను.

అబద్ధం చిన్నదే. దానికి మిగతాది ఊరే కలిపింది. "పాడైందా, పాడు చేశారా?" అన్నాడు సెనోబియో. "పైకి పోయేవాడు ఒక్కడే కదా!" సాయంత్రానికి అది నిజమైపోయింది. డబ్బాను చెడగొట్టి దమాసో కక్ష తీర్చుకున్నాడట! కిందవీధి మొక్కజొన్న మొత్తం నిలువునా మాడిపోయింది. కడుపుమంటతో ఎవరో యుడిత్ చిక్కుడు పందిళ్ళు పీకి కాలవలో పడేశారు. దమాసో రొట్టెల కొట్టుకు వస్తే మాట్లాడేవాళ్ళు కాదు. నేనూ మాట్లాడలేదు. తలొంచుకుని నా రొట్టెలు నేను కొనుక్కుని వచ్చేదాన్ని. ఒకసారి ఆయనే "నియేవెస్, బాగున్నావా?" అన్నాడు. "ఆఁ" అన్నాను.

డిసెంబరులో వానలు మొదలయ్యాయి. ఇక ఉండబట్టలేక, సంచిలోని దండ తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ప్రిమితీవా బంగాళాదుంపలు చెక్కుతోంది. నన్ను కూర్చోమనలేదు. దమాసో అరుగు మీద ఉన్నాడు. దండ ఆయన ముందు పెట్టాను.

"ఇదే తాయ్తా" అన్నాను.

ఆయన దండను చూసి, "జారింది కదూ! గాలి ఎక్కువ అక్కడ" అన్నాడు.

"మీకు తెలుసా?"

"దాని కన్ను దేన్ని చూస్తుందో నాకేం తెలుసే? కానీ కడ్డీ మీద అది తప్ప కొత్తది ఏముంది? అందుకే కదా నిన్ను రమ్మంది. కట్టిన చెయ్యే తీయాలి. నా చెయ్యి పెడితే తప్పు."

"సభలో ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా తాయ్తా! దండ అడ్డుందని!"

"మీ అమ్మ పోయిన ఏడే కదమ్మా. ఆవిడ పేరున కట్టిన దండ వల్ల ఊరికి నష్టమొచ్చిందని అంతమంది ముందు అనమంటావా? నా జేబులో ఎన్ని గుప్పెళ్ళు పోసిందో ఆ మనిషి! నాలుగుసార్లు రమ్మన్నా. ఒక్కసారైనా వస్తావనుకున్నా."

ప్రిమితీవా కత్తి కింద పెట్టింది. "ఈయన నోరు నొక్కుకున్నాడు సరే. నీ నోటికేమైందే? నా పిల్ల పందిళ్ళు పీకుతుంటే నువ్వు ఆ గుడ్డపీలిక సంచిలో పెట్టుకుని కూర్చున్నావా?"

"సభలో చెప్తాను" అన్నాను.

"చెప్పుకో. నాకు చెప్పి ఏం లాభం, నాకు తెలిసిందేగా?" అన్నాడు దమాసో.

జనవరి సభలో చెప్పాను. దండ బల్ల మీద పెట్టి, ఇంజనీరు చేసిన హెచ్చరిక దగ్గర్నుంచి, నేను నవ్విన నవ్వు దాకా, సంచిలో దాచిన దాకా అన్నీ చెప్పాను. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పంట పోయిన వాళ్ళు నా మొహం వైపు చూడకుండా చేతుల వైపు చూశారు. "పదకొండు రోజులు అంకె కదలకపోతే మనకెవరికీ అనుమానం రాలేదేం?" అని సెనోబియో గొణిగాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకంలో పాత పేజీ కొట్టేయమన్నారు. నేను కొట్టేయలేదు. పక్కన నిజం రాశాను, రెండూ ఉండాలని. కార్యదర్శి పని వదిలేస్తానంటే వదలనివ్వలేదు. "ఇకనుంచి వారం వారం నువ్వే ఎక్కు. చెరువు చూసొచ్చి అప్పుడు అంకె చెప్పు" అన్నారు. అది శిక్షో నమ్మకమో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రతి గురువారం ఎక్కుతున్నాను.

ఆ తర్వాత నలుగురు వెళ్ళి దమాసోను పిలుచుకొచ్చి కర్ర తిరిగి ఇచ్చారు. ఆయన రెండు చేతులా అందుకున్నాడు. అందరికీ దణ్ణం పెట్టాడు. పోసిన చిచా తాగాడు. "మోకాళ్ళు పోయాయి, వేరేవాళ్ళను చూసుకోండి" అన్నాడు. మోకాళ్ళు ఎప్పుడు పోయాయో అందరికీ తెలుసు. అయినా ఎవరూ బతిమాలలేదు. బతిమాలే మొహాలు కావు మావి.

ఇప్పుడు ఆ కర్ర ఆయన పెరట్లో ఉంది. బట్టలు ఆరేసే తాడు నేలకు వాలకుండా మధ్యలో పోటు పెట్టారు. వెండి పొన్ను నేలలో దిగి ఉంది. తాడు మీద ప్రిమితీవా లంగాలు ఆరుతుంటాయి. కొండదారి ఆ పెరట్లోంచే కాబట్టి, నేను వంగి ఆ తాడు కిందనుంచి వెళ్ళాలి. ప్రతి గురువారం వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి.

నిన్న దిగి వస్తుంటే అరుగు మీది నుంచి అడిగాడు.

"ఏమ్మా, అంకె కదిలిందా?"

"కదిలింది తాయ్తా. రాత్రి రెండు వేళ్ళు పెరిగింది."

"అయితే నీళ్ళే" అన్నాడు. నేను వంగి, ఆయన కర్ర ఎత్తిపట్టిన తాడు కిందనుంచి ఇంటికి వచ్చాను.