మాస్టారి పాదాల పరీక్ష

మావారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళపాటు పరీక్ష హాళ్ళలో కాపీ కొట్టే పిల్లల్ని పట్టుకున్న మనిషి. అలాంటాయన అరవై ఆరో ఏట, నా కళ్ళెదురుగా, నిక్షేపంగా కాపీ కొట్టారు. చెప్తే ఎవరు నమ్ముతారు?

గొడవంతా ఎడమ కాలి చెప్పుతో మొదలైంది. ఒకరోజు ఉయ్యూరు బస్టాండు నుంచి ఇంటిదాకా ఒంటి చెప్పుతో నడిచొచ్చారు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలియనే లేదు. "ఎడమ చెప్పేదండీ?" అంటే కిందికి చూసుకుని, "అరె!" అన్నారు. అసలే పన్నెండేళ్ళుగా షుగరు. మర్నాడే బెజవాడ లాక్కెళ్ళాను.

డాక్టరు ఒకప్పుడు ఈయన దగ్గర చదువుకున్నవాడే. అదే కొంప ముంచింది.

"నడుము నుంచి పాదానికి వచ్చే నరాలు చాలా పొడుగండీ మాస్టారూ. షుగరు ముందు వాటి చివర్లనే పట్టుకుంటుంది. అరికాలికి స్పర్శ పోతే మేకు దిగినా తెలీదు. పుండు ముదిరితే కాలే తీసెయ్యాల్సొస్తుంది" అని ఓపిగ్గా చెప్పాడు. తర్వాత గాలానికి కట్టే దారంలాంటి నైలాను పోగు తీసి, "కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నాడు.

ఈయన సగమే మూశారు. రెప్పల సందులోంచి డాక్టరు చెయ్యి కదలడం చూసి "ఆ" అన్నారు. మళ్ళీ "ఆ". బొటనవేలు, మడమ, చీలమండ, అన్నిటికీ "ఆ" అనే. తన మాస్టారిని అనుమానించడం అతనికి చేతకాలేదు. శిష్యుడి ముందు మొగుడి పరువు తియ్యడం నాకూ చేతకాలేదు. నాకు బుద్ధుండాలి!

"స్పర్శ బాగానే ఉందండీ మాస్టారూ" అన్నాడతను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఈయనగారి ముఖం చూడాలి, ఫస్టు క్లాసులో పాసైనట్టు!

"చూశావా? ఊరికే కంగారు పడతావు."

"చూశాను. మీరు కన్ను తెరవడం కూడా చూశాను. ఎవర్ని మోసం చేద్దామని? పోయేది డాక్టరు కాలా, మీ కాలా?"

ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసింది. చూడనీ.

ఆయన కిటికీలోంచి చెరుకు తోటల వైపు చూస్తూ, "నేను చదువు చెప్పినవాడు అడుగుతుంటే, తెలీట్లేదని ఎలా చెప్పనే?" అని గొణిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి రాగానే మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకోమన్నాను. కళ్ళకు తువ్వాలు గట్టిగా కట్టాను.

"ఇప్పుడు కొట్టండి కాపీ!"

"సరేలే, కానియ్" అన్నారు నవ్వుతూ.

చీపురుపుల్లతో ఎడమ బొటనవేలు తాకాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అరికాలి మీద అడ్డంగా గీశాను. ఇంకాస్త గట్టిగా గీస్తే పుల్ల విరిగింది. కావాలనే మొండికేశారేమోనని పుల్ల పారేసి, రెండు చేతులతో ఆ పాదాన్ని పట్టుకుని అరికాలు అదిమాను.

"ఏంటే, ఇంకా మొదలెట్టవా?" అన్నారాయన.