వేగు పైడయ్యను గీసిన మాస్టారు

మా డ్రాయింగు మాస్టారు పోయారని ఆఫీసుకు కబురొచ్చింది. అప్పుడు నా చేతిలో సిమెంటు పర్మిట్ల కట్ట ఉంది. చదువరులు నన్ను ఏమనుకున్నా సరే, ఉన్నమాట చెప్పాలి. మొదట నాకు ఏడుపు రాలేదు, అనుమానం వచ్చింది. పోయేముందు ఎవరితోనైనా ఏమైనా చెప్పారా అని. కబురు తెచ్చిన బంట్రోతు మొహంలోకి కూడా ఒకసారి పరీక్షగా చూశాను. ఆ అమాయకుడు కళ్లు తుడుచుకుంటున్నాడు.

మిడిల్ స్కూల్లో నాకు అక్షరాలు గుండ్రంగా రాయడం నేర్పింది ఆయనే. పెన్సిలు చెక్కిన నల్లపొడిని నీడలు వెయ్యడానికి పనికొస్తుందని అగ్గిపెట్టెలో దాచేవారు. అది ముక్కుపొడుం అనుకుని ఓ ఇన్‌స్పెక్టరు అడిగి మరీ పీల్చాడని బడంతా చెప్పుకునేవారు. ఎవరైనా పక్కవాడి బొమ్మను తనదని చూపిస్తే మాస్టారు కొట్టేవారు కాదు. "ఒరే, ఎడం సేత్తో గీసినా గీసినోడు దాగడురా. గీత పట్టిచ్చేస్తాది" అనేవారు. ఆ మాట అప్పట్లో నాకు తమాషాగా ఉండేది.

నాలుగేళ్ల క్రితం ఆయన ఒక బొమ్మల కథ మొదలుపెట్టారు. వారానికి ఒక పేజీ. అట్టకు అతికించి, సంతకు ముందురోజు మా గజపతినగరం గ్రంథాలయంలో మేకుకు తగిలించేవారు. కథానాయకుడు వేగు పైడయ్య. సర్కారు కొలువు నుంచి దిగిపోయిన ముసలి గూఢచారి. ఇసక కలిపిన సిమెంటుతో కట్టిన కల్వర్టు కూలి, అతనితో ముప్పైయేళ్లు పనిచేసిన స్నేహితుడు చచ్చిపోతాడు. పైడయ్య అటక మీది గొడుగు దించుతాడు. ఆ గొడుగు పిడిలో కెమెరా, మోకాళ్లకు రాసుకునే మందు సీసాలో మాటలు పట్టే యంత్రం. లంచగొండులను ఒక్కొక్కణ్ణే వెతికి పడతాడు. పాపం, సగం దూరం తరిమి గట్టు మీద కూలబడతాడు. "పరిగెట్టనేను గానీ, కాసుక్కూకుంటాను" అన్నది అతని మాట. ఊళ్లో కుర్రకారు కొన్నాళ్లు అదే మాట పట్టుకున్నారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం మా ఊరివాళ్లకు కొత్త కాదు. రెండో పేజీలో గుబురు మీసం కనబడగానే రైసుమిల్లు ఆసామి మీసం తీయించేశాడు. ఆసుపత్రి కాంపౌండరు వారం పాటు కళ్లద్దాలు పెట్టుకోకుండా తడుముకుంటూ తిరిగాడు. సంతకు వచ్చినవాళ్లు వంకాయలకన్నా ముందు బొమ్మను చూసి, ఆ తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. వాళ్లను చూసి నవ్వినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. ఆరో పేజీ వచ్చేదాకా.

ఆరో పేజీలో ఓ గుమస్తా పర్మిట్లు రాస్తున్నాడు. అతని బల్ల మీద ఫ్యాను తిరుగుతోంది.

మా ఇంట్లో అలాంటి ఫ్యానే ఉంది. బడి కప్పుకని రాసిన సిమెంటు పర్మిట్టు ఓ కంట్రాక్టరు సొంత మేడకు పోతుందని తెలిసి కూడా సంతకానికి పంపాను. ఆ వారమే అతను ఫ్యాను మా వీధిగుమ్మంలో పెట్టిపోయాడు. నేను తీసుకోనని అనలేదు. ఆ సంగతి మాస్టారికి ఎలా తెలిసిందో అని మూడు రోజులు తిండి సయించలేదు. మా ఆవిడను అనుమానించాను, పాలవాణ్ణి అనుమానించాను. ఆఖరికి టీ దుకాణంలో ఆయన్నే అడిగాను, ఆ గుమస్తా ఎవరని. టీ ఊదుకుంటూ నా కేసి చూసి, "నీకెవుడినాగ కనిపిస్తన్నాడు?" అని నవ్వారు. ఆ నవ్వుతో నాకు అనుమానం తీరిపోయింది. నేనేనని నిశ్చయించుకున్నాను.

ఆ రాత్రే ఆకాశరామన్న ఉత్తరం రాశాను. పాఠాలు మాని బొమ్మలేస్తున్నారనీ, సర్కారు ఉద్యోగులను రచ్చకీడుస్తున్నారనీ ఆయన పైవాళ్లకు. ఎడంచేత్తో, వంకరటింకరగా రాశాను. విచారణ అయింది, ఆ ఉత్తరం మాస్టారికి చూపించి మరీ అడిగారట. గ్రంథాలయం మేకు ఖాళీ అయింది. మాస్టారిని మన్యంలో బడికి బదిలీ చేశారు. ఆయాసం మనిషి కాబట్టి మాస్టారి భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, వెంట వెళ్లలేక ఇక్కడే ఉండిపోయారు.

సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన నన్ను చూడకుండా వెళ్లేవారు కాదు. ఆయన కుశలం అడిగితే, ఎందుకడుగుతున్నారా అనుకునేవాణ్ణి. ఓసారి మా ఇంటికని కొండచీపురు తెచ్చారు. ఊడ్చుకోవలసిన చెత్త నా దగ్గర ఉందని చెప్పడానికే తెచ్చారని రెండు నెలలు దాన్ని ముట్టనివ్వలేదు. అది మంచి చీపురు. ఇప్పటికీ పుల్ల రాలలేదు.

రెండేళ్లకు మన్యం జ్వరంతో ఇంటికి వచ్చేశారు. మళ్లీ లేవలేదు. ఆ జ్వరం నా ఉత్తరంతోనే వెళ్లిందని నాకు తెలుసు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక అమ్మగారు నన్ను ఉండమన్నారు. బట్టలో చుట్టిన పేజీలు నా ముందు పెట్టారు. మన్యంలో కూడా మాస్టారు పైడయ్యను మానలేదట. చూస్తున్నట్టు నటిస్తూ నేను ఆరో పేజీ కోసం వెతుకుతున్నాను. దొరికింది. ఆవిడ ఆ ఫ్యాను మీద వేలు పెట్టారు.

"ఇది నాకోసమే బాబూ. నాకు ఆయాసం కదా, ఫేను కొనాలని ఆరికి ఒకటే ఇది. కొననేక పోయినారు. అందుకే పేజీకోటి గీసీవోరు. సూడు, అన్నిట్లోనా ఉంటాది."

చూశాను. మొదటి పేజీలో మంగలిషాపు మూలన. మూడో పేజీలో రైలుస్టేషనులో. పైడయ్యను దొంగలు కట్టిపడేసిన చీకటి కొట్లో కూడా ఓ పక్కన ఫ్యాను తిరుగుతోంది. వారం వారం ఆ బొమ్మల ముందు నిలబడినవాణ్ణి, నాది తప్ప ఒక్కటీ చూడలేదు. ఆయన నన్ను గీయలేదు. నేనే వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను.

కాసేపు గుండె తేలికపడింది, సిగ్గులేకుండా. ఆయనకు ఏమీ తెలియదన్నమాట అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆఖరి పేజీ తిప్పాను.

ఆ గుమస్తా మళ్లీ వచ్చాడు. ఈసారి పర్మిట్టు కాదు, ఉత్తరం రాస్తున్నాడు. కలం ఎడంచేతిలో ఉంది. మొహం నాది. చెవి పక్కన పుట్టుమచ్చ కూడా మరిచిపోలేదు. వెనక గుమ్మంలో పైడయ్య నిలబడ్డాడు, గొడుగు నేలకు ఆనించి. పట్టుకోవడానికి వచ్చినవాడిలా లేడు, చాలా దూరం నడిచి అలసిపోయినట్టున్నాడు. అతని నోటి ముందు మాట రాయడానికి గుండ్రంగా గీసిన జాగా ఉంది. అందులో ఏమీ లేదు.

"ఆ మాటకోసం రెండు నెల్లు కలం పట్టుకు కూకున్నారు" అన్నారు అమ్మగారు. "ఏటనాలో తోసనేదన్నారు."

అప్పుడు చెప్పేశాను. ఫ్యాను సంగతి, ఉత్తరం సంగతి. ఫ్యాను తెచ్చి ఇక్కడ పెడతానని కూడా అన్నాను. ఆవిడ గోడకు ఆనుకున్నారు. ఊపిరి గరగరలాడుతోంది.

"అది ఈ గుమ్మం తొక్కనీకు" అన్నారు.

లేచి వెళ్లిపోమంటారని కూర్చున్నాను. నా చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. ఆవిడ తన తాటాకు విసనకర్ర తీసి రెండుసార్లు తనకు విసురుకున్నారు. తరవాత నా వైపు తిప్పి విసరడం మొదలుపెట్టారు. ఆ గాలికి నా ఒళ్లోని పేజీ అంచు లేచి పడుతోంది. పైడయ్య నోటి ముందు జాగా ఖాళీగానే ఉంది.