మంచి చేతికి తొడుగు

ఆర్మూర్‌లో మార్కెట్ వెనక గల్లీలో బీడీలు చుట్టే ముత్తవ్వకు అనుమానం ఎక్కువని అందరికీ తెలుసు. వేలు ముంచి చూడనిదే పాలు పోయించుకునేది కాదు. దుబాయిలో ఉన్న మొగుడు కాశీరాం మాటలు నింపి పంపిన క్యాసెట్ విన్నాక కూడా, "గొంతు జర మారింది. పానం బాగలేదేమో, నాకు చెప్తలేడు" అని వారమంతా సణిగేది. ఆమె మొదటి నుంచీ అలాంటి మనిషి కాదు.

బిడ్డ గంగామణి పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదు. ఏడాది నిండినా కుడి పిడికిలి విప్పేది కాదు. ఏది అందుకోవాలన్నా ఎడమ చెయ్యే. ఎడమచేతి వాటమని చుట్టాలు తేల్చేశారు. నడక వచ్చాక కుడికాలు ఈడవడం చూసి ముత్తవ్వ నిజామాబాద్ దవాఖానకు పరుగెత్తింది. కాన్పు సమయంలో మెదడుకు దెబ్బ తగిలిందనీ, దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారనీ డాక్టర్ చెప్పాడు. మందేమీ రాయలేదు. మందు లేని రోగం ఉంటుందా అని ఆమె ఎవరో చెప్పిన వైద్యుడి దగ్గరికి పోయింది. తైలం రాస్తానని ఆయన పిల్లను లోపలికి తీసుకుపోయాడు. కేక విని ముత్తవ్వ తలుపు నెట్టుకుని వెళ్లేసరికి పిల్ల మణికట్టు మీద వాత పడి ఉంది. పుండు మానింది, చెయ్యి మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఆనాటి నుంచి గంగామణిని ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు.

1993 వానాకాలంలో నిజామాబాద్ నుంచి గంగాబాయి అనే ఫిజియోథెరపిస్టు వారానికోసారి ఆర్మూర్ రావడం మొదలుపెట్టింది. ఒక అద్దె గదిలో చాపలు పరిచి, చేతులు కాళ్లు సరిగా రాని పిల్లల చేత ఆటలాడించేది. ముత్తవ్వ కూతుర్ని తీసుకుని పోయింది గానీ గడప దగ్గరే కూర్చుంది.

గంగాబాయి ఐదేళ్ల గంగామణితో చాలాసేపు ఆడింది. తర్వాత మెత్తటి బట్టతో కుట్టిన సంచిలాంటి తొడుగు తీసి, పిల్ల ఎడమచేతికి వేయబోయింది.

ముత్తవ్వ లేచి ఆ చెయ్యి పట్టుకుంది. "రానిది కుడి చెయ్యి గదా, మేడం? గీ చెయ్యికెందుకు ఏస్తున్నవ్?"

"మంచి చెయ్యి ఖాళీగ ఉంటే పిల్ల రెండోదాన్ని వాడదక్కా. ఆటాడేటప్పుడు జరసేపు దీన్ని మూసి పెడితే, ఆ చేత్తోటి అందుకోనీకి చూస్తది. ఇది కొత్త పద్ధతి."

"నా బిడ్డకు ఉన్నదే ఒక్క చెయ్యి. గది గూడ పాడైతే ఎవరు సూస్తరు?"

పిల్లను చంకనేసుకుని ఇంటికి వచ్చేసింది. పక్కింటి లసుమవ్వ ఆ అనుమానానికి ఇంకో రెండు పుల్లలు ఎగదోసింది. "గాళ్లు పిల్లల ఫోటోలు తీస్తున్నరట ముత్తవ్వా. కొత్త పద్ధతి అన్నదంటే, మన పోరగాండ్ల మీదనే నేర్చుకుంటున్నట్టు గాదా?"

తర్వాతి వారం ముత్తవ్వ ఒక్కతే ఆ గదికి పోయి, కిటికీ పక్కన నిలబడి లోపలికి చూసింది. తొడుగు వేసుకున్న పాప ఒకతి ఏడుస్తోంది. ఏడుపు మొదలవగానే గంగాబాయి తొడుగు తీసేసింది. తాను నిలబడ్డది ఆమె చూసి ఉంటుందని, అందుకే తీసిందని ముత్తవ్వ అనుకుంది. నేరుగా లోపలికి వెళ్లింది.

"ఫోటోలు ఎవ్వరికి పంపుతరు?"

"మా పెద్ద డాక్టరుకు. మొదలు చెయ్యి ఎట్లుండె, ఇప్పుడు ఎట్లుందో చూపెట్టనీకి. నీకిష్టం లేకుంటే నీ బిడ్డది తియ్యను."

"గట్లనా? అయితే గా తొడుగు మొదలు నాకు ఎయ్యి."

గంగాబాయి నవ్వలేదు. ముత్తవ్వ కొలతకు పెద్ద తొడుగు ఒకటి కుట్టి ఇచ్చింది.

ఇంట్లో కుడిచేతికి దాన్ని తొడుక్కుని ముత్తవ్వ చాట ముందు కూర్చుంది. ఎడమచేత్తో తునికాకు చుట్టబోతే ఆకు చిరిగింది. తంబాకు ఒళ్లో పోసుకుంది. కోపంతో కత్తెర విసిరేసింది. తన బిడ్డ రోజూ పడేది ఇదేనా అని తట్టేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా అనుమానం పోలేదు. తొడుగు తీసి వేళ్లు ముడిచింది, విప్పింది, గిల్లుకుని చూసుకుంది. చెయ్యికి ఏమీ కాలేదు.

అప్పుడు ఒప్పుకుంది. అదీ తన ఇంట్లోనే, తన కళ్ల ముందే. గంగామణి మొదట ఆటబొమ్మల గిన్నె తన్నేసి ఏడ్చింది. ముత్తవ్వ పోయి గంగాబాయిని నిలదీసింది.

"బలవంతం చెయ్యకు అక్కా. ఆట కావాలె గానీ శిక్ష కావద్దు. ఏడిస్తే తీసెయ్యి. దానికేది ఇష్టమో అదే ముందు పెట్టు."

"గా వారం ఎయ్యిమన్నవ్. గిప్పుడు తియ్యిమంటవ్. ఏది నమ్మాలె నేను?"

"నన్ను నమ్మకు. పిల్లను చూసుకుంట ఉండు."

గంగామణికి మక్కలంటే, అదే మొక్కజొన్న గింజలంటే, ఇష్టం. మక్కలు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో ముత్తవ్వ ఒక గంపలో గింజలు పోసి ముందు పెట్టింది. పిల్ల ఎడమచేయి తొడుగులో ఉంది. మణికట్టు వంగిన కుడిచేయి మెల్లగా గంపలో దిగింది. ముడుచుకున్న వేళ్లు ఎంతో కష్టం మీద విచ్చుకున్నాయి. చెయ్యి పైకి వచ్చేసరికి కొన్ని గింజలు వేళ్ల సందున ఇరుక్కుని ఉన్నాయి.

ముత్తవ్వ సంబరపడలేదు. గింజలు వాటంతటవే ఇరుక్కున్నాయేమోనని గంప తీసి అటువైపు పెట్టింది. పిల్ల మళ్లీ అందుకుంది. గింజలు తీసేసి పసుపు కొమ్ములు పోసింది. కొమ్ము జారింది, మళ్లీ పట్టింది. చివరికి లసుమవ్వను పిలిచి, ఏమీ చెప్పకుండా ఎదురుగా కూర్చోబెట్టింది.

కాసేపటికి లసుమవ్వ గొంతు తగ్గించి, "గా చెయ్యి లేస్తున్నది గదనే!" అంది.

అప్పుడు గానీ ముత్తవ్వ ఏడవలేదు.

కుడి చెయ్యి పూర్తిగా బాగుకాలేదు. తొడుగు ఆటలు చాలించి, రెండు చేతులూ కలిసే పనులు గంగాబాయి నేర్పింది. గంగామణి ఎడమచేత్తోనే రాసేది, కుడిచేయి కాగితం కదలకుండా పట్టేది. టిఫిన్ డబ్బా మూత తనే తీసుకునేది. గుండీలు పెట్టుకోవడం రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది. అందులోనూ పైగుండీ తల్లే పెట్టేది.

గంగామణి ఐదో తరగతిలో ఉండగా ఏర్గట్ల నుంచి భాగ్యవ్వ అనే ఆమె చంటిపాపను ఎత్తుకుని వాళ్లింటికి వచ్చింది. పాప కుడి పిడికిలి బిగుసుకుని ఉంది.

"గంగాబాయి మేడాన్ని నమ్మొచ్చునా అక్కా?"

"నమ్మకు," అంది ముత్తవ్వ, పాపను తన ఒళ్లోకి తీసుకుంటూ. "నేనొస్త నీతోటి. ఇద్దరం కూసోని సూద్దాం."